మెదక్ చేతులకు నా సెకండ్ల లెక్క

మెదక్ పట్టణంలో చక్కగా పనిచేసుకుంటున్న చేతుల్లో సగం పనికిరావని ఒకే ఒక్క కాగితంతో తేల్చేసిన ఘనుణ్ణి నేను. భూకంపానికీ వరదకూ కూడా అంత శక్తి ఉండదు. వాటి దగ్గర గడియారం, స్కేలు, ఎర్ర ఇంకు ఉండవు కదా. నా దగ్గర మూడూ ఉండేవి. ఇది చదివాక నన్ను తిట్టుకోదలచినవారు మొహమాటపడనక్కర్లేదు. కాకపోతే నా డైరీలో ఆ వారం పేజీల్లో నేనే కడుపారా తిట్టుకున్నాను కనుక, మీరు కొత్త తిట్లు వెతుక్కోవాలి.

అప్పటికి నాకు నలభై నిండలేదు. ఒక దవాఖానలో, దెబ్బతిన్న చేతులకు మళ్లీ పని నేర్పడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగానికి ఇంగ్లీషులో మూరెడు పేరుంది. జనం దాన్ని కుదించి నన్ను 'చేతుల సారు' అనేవారు. ప్రత్యేక రాష్ట్రం మాట చాయ్ హోటళ్లలోంచి రోడ్ల మీదికి వచ్చిన రోజులవి. దుకాణాల ముందు గుట్కా పొట్లాలు తోరణాల్లా వేలాడటం, బీడీలకు గిరాకీ తగ్గడం కూడా అప్పుడే మొదలైంది. ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి. బీడీ కార్ఖానాల వాళ్లు పట్టీలోంచి ఎవరి పేరు కొట్టేద్దామా అని చూస్తున్న కాలమన్నమాట.

అలాంటి కాలంలో బాలమణికి చెయ్యి తెగింది. ఆమె మా ఊళ్లోనే ఒక కార్ఖానాకు బీడీలు చుట్టేది. శివ్వంపేటలో తల్లిగారింటికి పోయి, గడ్డికొడవలికి పదును పెడుతుంటే అది జారి కుడిచేతి వేళ్ల నరాలు తెగాయి. మా పెద్ద డాక్టరు గారు కుట్టారు. ఆ తర్వాత ఆరు నెలలు ఆ చెయ్యి నా పాలబడింది. మొదట్లో వేళ్లు కర్రల్లా ఉండేవి. నెమ్మదిగా వంగాయి, పట్టాయి, చివరికి సూదిలో దారం కూడా ఎక్కించాయి. ఒకరోజు ఆమె వచ్చి అసలు సంగతి చెప్పింది.

"సారూ, కార్ఖానా మున్షీ నా పేరు కొట్టేస్తనంటుండు. చెయ్యి మంచిగైందని దవాఖాన కాగితం తెస్తెనే ఆకు ఇస్తడట. ఈ నెల దాటితే తీసుకోడట."

"గంతేనా? రాసిస్త తియ్యి," అన్నాను.

అక్కడితో రాసిచ్చేసి ఉంటే ఈ కథ లేదు. కానీ నేను పద్ధతి మనిషిని. కొలవకుండా సంతకం పెడితే నా కలానికి జ్వరం వస్తుంది. "రేపు రా, పరీక్ష చేసి ఇస్తా," అన్నాను.

దవాఖానలో ఒక చెక్కపెట్టె ఉండేది. ఏ దేశంనుంచో దానంగా వచ్చింది. అందులో పేకముక్కల్లాంటి అట్టలు, కాగితాలకు పెట్టే క్లిప్పులు, చిక్కుడు గింజలు, ఒక చెంచా, ఖాళీ డబ్బాలు, ఒక చిన్న పుస్తకం. అట్టలు తిరగెయ్యాలి, గింజల్ని చెంచాతో ఎత్తాలి, డబ్బాలు జరపాలి. ఒక్కోదానికి ఎన్ని సెకండ్లు పట్టిందో చూసి, మామూలు మనిషికి ఎన్ని పడతాయో పుస్తకంలో చూసుకోవాలి. ఆ మామూలు మనుషులందరూ ఆ దేశం వాళ్లే.

బాలమణి మొదటి అట్ట తిరగేసింది. దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. రెండోది తిరగేసి అదీ చూసింది.

"ఏం చూస్తున్నవమ్మా?"

"బొమ్మ ఉన్నదేమో అని. ఏం లేదు సారూ."

"బొమ్మ ఉండదు. తిరగెయ్యి, అంతే."

"ఏం లేనిదాన్ని ఎందుకు తిరగెయ్యాలె?"

నా చేతిలో గడియారం పరుగెత్తుతూనే ఉంది. చెంచా దగ్గరికి వచ్చేసరికి ఆమె దాన్ని కొత్త పెళ్లికొడుకు తాంబూలం పట్టుకున్నట్టు పట్టుకుంది. జీవితంలో చెంచాతో తిన్నది లేదు. ఖాళీ డబ్బాల్ని ఒక్కోటీ ఊపి చూసి, "ఉత్తయే" అని నాకు చెప్పి మరీ జరిపింది. పుస్తకం తీర్పు చెప్పింది: చేతిలో తీవ్రమైన లోపం.

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, పుస్తకం మీద. ఎక్కడో మేజాబల్లల ముందు పెరిగిన చేతుల లెక్కతో మెదక్ చేతిని కొలవడం ఏం న్యాయం? ఇప్పటికీ ఆ ప్రశ్న సరైనదే అంటాను. నా దరిద్రమంతా జవాబులో ఉంది.

మన వస్తువులు, మన పనులు, మన సెకండ్లు. ఆ రాత్రే డైరీలో ఈ మూడు మాటలు రాసి కింద గీత గీశాను. అట్టలకు బదులు బీడీలు చుట్టే తునికాకులు పెట్టాను. క్లిప్పులకు బదులు చింతగింజలు, చెంచాకు బదులు అన్నం కలిపి ఐదు ముద్దలు చెయ్యడం, డబ్బాలకు బదులు నీళ్ల చెంబు. ఆఖర్న జాకెట్టు బొత్తాలు. మా పెద్ద డాక్టరు గారు చూసి సంతోషించారు.

"బాగుందయ్యా జయానందం. రాష్ట్రం సంగతి ఎట్లున్నా ముందు మన సెకండ్లు వేరు పడ్డయన్నమాట."

ఇక కావలసింది లోపంలేని చేతులు. వాళ్లకు ఎన్ని సెకండ్లు పడతాయో చూసి సగటు కట్టాలి. స్టాప్‌వాచీ తాయెత్తులా మెడలో వేసుకుని, చింతగింజల డబ్బా చంకన పెట్టుకుని మా చర్చి వెనక వీధిలో ఇల్లిల్లూ తిరిగాను. రెండిళ్లు దాటేసరికి నాకంటే ముందు ఒక పుకారు నడవడం మొదలుపెట్టింది. చేతులు పడిపోయినవాళ్లకు పింఛన్ రాయడానికి సారు వస్తున్నాడట.

ఆ వీధిలో అంతమంది నటులున్నారని నాకు అంతవరకూ తెలియదు. పొద్దున బావిలోంచి బిందెడు నీళ్లు తోడుకున్న పెద్దమనిషి చెంబు ఎత్తలేక దేవుణ్ణి తలచుకున్నాడు. ప్రతి ఆదివారం చర్చిలో హార్మోనియం మోగించే మా పొరుగు టీచరమ్మ ఒక్క బొత్తాం పెట్టుకోలేక అల్లాడింది.

"నిన్ననే గద టీచరమ్మా, వేళ్లు నెమళ్ల లెక్క ఆడినయ్."

"గది దేవుని పని జయానందం. దేవుడే ఆడిస్తడు. జర బాగా రాయి, ఏమన్న స్కీముంటే."

ఇంటికి వచ్చి మా ఆవిడ సుగుణతో మొర పెట్టుకున్నాను. ఆమె బియ్యం ఏరుతూ వింది. "ఇండ్ల పొంటి తిరిగితే గట్లనే ఉంటది. నలుగురు ఒక్క తాన కూసొని పనిచేసేటి జాగకు పోండ్రి. అందరు చూస్తుంటే ఎవరు దొంగాటలాడరు," అంది.

బంగారంలాంటి మాట. దాన్ని పట్టుకుని నేను ఎక్కడికి వెళ్లాను? తెలివైన పాఠకులు ఇప్పటికే నుదురు కొట్టుకుంటున్నారు. అవును, బీడీ కార్ఖానాకే వెళ్లాను. నలభై మంది ఆడవాళ్లు, అందరూ ఒకేచోట, అందరివీ లోపంలేని చేతులు. మనుషుల ఈత కొలవడానికి చేపల దగ్గరికి వెళ్లినట్టు వెళ్లాను.

మున్షీ కిష్టయ్య చాలా మర్యాద చేశాడు. ఆకు తూచి ఇచ్చేదీ, చుట్టిన బీడీలు ఏరి బాగాలేనివి తీసేసేదీ అతనే. అతను వెనక నిలబడ్డాడు, నేను ముందు కూర్చున్నాను. వరుసలో మొదట లచ్చవ్వ. అరవై దాటిన మనిషి. బీడీ చుట్టడంలో ఆమెను మించినవాళ్లు ఆ కార్ఖానాలో లేరని తర్వాత తెలిసింది.

"ఏం జెయ్యాలె బిడ్డా?"

"ఈ చింతగింజలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వెయ్యాలె అవ్వా. జల్ది."

'జల్ది' అన్న మాట నా నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే డబ్బా నిండింది. నేను గడియారం నొక్కడం మరిచిపోయాను. మళ్లీ చేయించాను. మళ్లీ అంతే. పక్కనున్నామె, "అవ్వ కన్న నేను తక్కువనా," అని కొంగు బిగించింది. ఇక చూడాలి. వెనక మున్షీ, పక్కన పోటీ, ముందు గడియారం. ఆకులు గాలికి తిరిగినట్టు తిరిగాయి, బొత్తాలు పడ్డాయో లేదో తెలియకుండా పడ్డాయి. నా పెన్సిలు వాళ్ల వేళ్లను అందుకోలేక రెండుసార్లు మొన విరగ్గొట్టుకుంది. మెదక్ చేతుల గొప్పతనం చూసి నా కళ్లు చెమర్చాయి. అవి మెదక్ చేతులు కావనీ, బీడీ చేతులనీ ఆ చెమర్చిన కళ్లకు ఎక్కడ కనిపిస్తుంది?

ఇంటికి వచ్చి సగటు కట్టాను. చార్టు గీశాను. ఇక్కడ మరో ఘనకార్యం ఉంది. ఆ విదేశీ పుస్తకంలో ప్రతి పనికీ రెండు గడులుండేవి. ఒకటి సగటు. రెండోది, ఆ సగటుకు అటూ ఇటూ ఎంత దూరం వరకూ పోయినా మామూలే అనుకోవాలో చెప్పేది. నా కాగితం వెడల్పు తక్కువ. రెండో గడి పెడితే అంచుల దగ్గర ఇరుకై అందం చెడుతోంది. తీసేశాను. సగటు వేగానికి పైన ఉన్నవారు మంచి చేతులు, కింద ఉన్నవారు లోపం చేతులు. ఎర్ర ఇంకుతో గీత. చూడముచ్చటగా ఉంది. ఒక నకలు మా గది గోడకు అంటించి, ఇంకోటి కృతజ్ఞతగా కిష్టయ్యకు ఇచ్చి వచ్చాను.

మర్నాడు పెద్ద డాక్టరు గారు గోడ మీద చార్టు చూసి సరదాపడ్డారు. "నన్ను కూడా చూడవయ్యా," అని కుర్చీ లాక్కున్నారు. చింతగింజలు వాటంతటవే ఆయన వేళ్లలోంచి జారిపోయాయి. తునికాకు తిరగేస్తే చిరిగింది. అన్నం ముద్దలు మాత్రం బాగా చేశారు, కానీ మూడో ముద్ద నోట్లో వేసుకున్నారు.

నేను లెక్క చూసి గొంతు సవరించుకున్నాను.

"చెప్పవయ్యా."

"తీవ్రమైన లోపం సార్."

"నాకు పదకొండింటికి ఆపరేషన్ ఉంది. ఆ పేషెంటుకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆ నవ్వుకైనా నాకు బుద్ధి రావాలి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నవాడు ఒకప్పుడు ఉండేవాడు. నేను పట్టిన గడియారానికి మూడే ముళ్లు. డాక్టరు గారికి ఈ మధ్య వయసు మీద పడుతోందని డైరీలో రాసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే బాలమణి వచ్చింది. ఈసారి ధైర్యంగా కూర్చుంది. ఆకులు, గింజలు, అన్నం, చెంబు, బొత్తాలు, అన్నీ తెలిసినవే. ఏ పనిలోనూ తడబడలేదు. కుట్లుపడిన చెయ్యి అన్న ఆలోచనే లేకుండా చేసుకుపోయింది. నా మనసు గంతులేసింది. తర్వాత చార్టు చూశాను.

ఐదింటికి ఐదూ ఎర్రగీత కిందే.

"ఏమైంది సారూ?"

"జర తక్కువైందమ్మా."

"ఎవ్వరికంటె?"

"మన మెదక్ వాళ్లకంటె," అన్నాను.

ఆమె తన కుడిచేతిని ఎడమచేతిలోకి తీసుకుని చూసుకుంది. "మొన్నటిదాక మంచిగైంది మంచిగైంది అన్నది మీరే గద సారూ. ఇప్పుడు కాగితం కాలేదంటుంది. నేను మీ మాట నమ్మాల్నా, కాగితం మాట నమ్మాల్నా?" అని అడిగింది. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది. నెల ముగియడానికి ఇంకా రెండు రోజులున్నాయి.

నేను ఎవరి కోసమైతే లెక్క మార్చానో, కొత్త లెక్క సరిగ్గా ఆమెనే మొదట పడగొట్టింది. తానొకటి తలిస్తే సగటు ఇంకొకటి తలచింది.

నెల ఆఖరి రోజు పొద్దున దవాఖాన గేటు దగ్గర గోల. రాస్తారోకో ఏమో అనుకున్నాను. అప్పట్లో వారానికొకటి మామూలే. బయటికి చూస్తే కార్ఖానా ఆడవాళ్లందరూ. ముందు లచ్చవ్వ, పక్కన దోషిలా మున్షీ కిష్టయ్య, అందరి వెనకా బాలమణి. ఉద్యమం సభల్లో నేర్చుకున్న నినాదాలకు కొత్త మాటలు కట్టుకొచ్చారు.

"సెకండ్ల కాగితం వాపస్ తీసుకోవాలె."

"తీసుకోవాలె, తీసుకోవాలె."

పెద్ద డాక్టరు గారు వరండాలోకి వచ్చారు. "ఏమైందమ్మా?"

"ఏమైందా?" అంది లచ్చవ్వ. "ఇరవై ఏండ్లసంది దినాం వెయ్యి బీడీలు చుట్టేటోళ్లకు చేతులు చెడిపోయినయట. మున్షీ ఆకు ఇస్తలేడు. అడిగితే చేతుల సారు కాగితం సూపిస్తుండు."

కిష్టయ్య చార్టు విప్పి చూపించాడు. దాన్ని పటం కట్టించాడు కూడా. "నా తప్పేముంది సార్. రెండు రోజులు గడియారం పట్టుకొని కూసున్న. నలభై మందిల సగం మంది సగటుకు కింద ఉన్నరు. లోపమున్నోళ్లకు ఆకు ఎట్లిస్త, సేటు ఊకుంటడా?"

డాక్టరు గారు స్తంభానికి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టారు. "సగం మంది కింద లేకుంటే అది సగటెట్లయితది కిష్టయ్యా?"

"గా ముక్క కాగితం మీద రాయలే గద సార్," అన్నాడు కిష్టయ్య. అందరూ నా వైపు చూశారు.

రాయలేదు. అంచుల దగ్గర ఇరుకవుతుందని రాయలేదు. ఆ క్షణంలో నాకు రెండు తప్పులూ ఒకేసారి కనబడ్డాయి. ఊరందరికీ లెక్క కట్టాలని బయల్దేరి అత్యంత వేగంగల చేతుల్ని మాత్రమే కొలిచాను. ఆ చేతుల్లోనూ సగాన్ని ఎర్రగీత కింద పాతేశాను. విదేశీ పుస్తకం చేసినది ఒక్క అన్యాయమే. నేను రెండు చేశాను. పైగా దానికి 'మన సెకండ్లు' అని పేరు పెట్టుకున్నాను.

"తప్పు నాదే," అన్నాను. "ఈ లెక్క చెల్లదు. కిష్టయ్యా, ఆ పటం ఇటియ్యి."

"మరి మా ఆకు?" అన్నారు ఆడవాళ్లు.

"ఇయ్యాలనే ఇస్తడు," అన్నారు డాక్టరు గారు. కిష్టయ్య తలూపాడు.

అక్కడితో జనం కదలబోయారు. లచ్చవ్వ కదల్లేదు. వెనక్కి తిరిగి బాలమణి చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. "గీ పిల్ల సంగతి గూడ తేల్చుండ్రి. రేపటికి పేరు పోతది."

"కాగితం లేకుంటే నేనేం జేస్త అవ్వా," అన్నాడు కిష్టయ్య. "కోసుకున్న చెయ్యి. రేపు మాల్ ఖరాబైతే?"

"ఖరాబైతదో లేదో సూడు మరి. నీ పనే గద అది."

బాలమణి అప్పుడు మొదటిసారి గొంతు విప్పింది. "సారూ, మీరు గింజలు ఏరమన్నరు, ఏరిన. బొత్తాలు పెట్టమన్నరు, పెట్టిన. బీడీ చుట్టుమని మాత్రం ఒక్కనాడు అడగలే."

ఆరు నెలలు, రెండు పరీక్షలు, ఒక చార్టు. అడగలేదు.

ఒక గంటలో వరండా కార్ఖానా అయింది. చాటలు, కత్తెరలు, తంబాకు వచ్చాయి. బాలమణి, లచ్చవ్వ, ఇంకో ముగ్గురు వరుసగా కూర్చున్నారు. గడియారాన్ని నేను మేజా సొరుగులో పెట్టి తాళం వేశాను. బాలమణి వేళ్లు మొదటి రెండు బీడీలకు కొంచెం వెతుక్కున్నాయి. మూడోదానికి దారి దొరికింది. ఆకు చుట్టుకోవడం, మూతి మడత పడటం, దారం బిగియడం. లచ్చవ్వంత వేగం లేదు. ఆగడమూ లేదు. ఇరవై ఐదేసి బీడీల కట్టలు ఐదు తయారయ్యాయి. డాక్టరు గారు వాటిని ఒకామె కొంగుచాటున తారుమారు చేయించి, ఒకే తీరుగా ఉన్న ఐదు కట్టల్ని కిష్టయ్య ముందు పెట్టారు.

కిష్టయ్య ఒక్కో కట్టా విప్పి, తిప్పి, నొక్కి చూశాడు. మొదటి కట్టలోంచి రెండు బీడీలు తీసి పక్కన పెట్టాడు. రెండో కట్టలోంచి రెండు. మూడోదాంట్లోంచి రెండు. నాలుగు, ఐదులోంచీ రెండేసి.

"ఇందులో బాలమణి కట్ట ఏది?" అని అడిగాను.

అతను ఐదింటినీ మళ్లీ చూశాడు. "తెలుస్తలేదు సార్."

"ప్రతి కట్టలోంచీ రెండే ఎందుకు తీసినవ్?"

"ఏ కట్టల చూసినా రెండు వంకరయి ఉంటనే ఉంటయి సార్."

"అవి సాయంత్రానికి మున్షీ నోట్లె సీదా అయితయి," అంది లచ్చవ్వ.

వరండా అంతా పగలబడి నవ్వింది. కిష్టయ్య కూడా నవ్వక తప్పలేదు. నేను మాత్రం ఆ పది బీడీల్ని దగ్గరికి లాక్కుని మళ్లీ లెక్కపెట్టాను. నేను ఊరంతా వెతికిన కొలత అదే. లచ్చవ్వ చేతికి ఎంతో బాలమణి చేతికీ అంతే. ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఏ పుస్తకంలోనూ లేని లెక్క, ఆ పని చేసేవాళ్లందరికీ రోజూ తెలిసిన లెక్క.

అక్కడే కూర్చుని కాగితం రాశాను. "ఈమె చుట్టిన కట్టలోనుండి మున్షీ గారు తీసివేసిన బీడీలు, మిగిలినవారి కట్టలనుండి తీసివేసిన వాటితో సమానముగా నున్నవి. కావున ఈమె చేయి ఈ పనికి పూర్తిగా తగియున్నది." డాక్టరు గారు చదివి, "నా సర్వీసులో ఇంత సరైన సర్టిఫికెట్ మీద సంతకం పెట్టలే," అంటూ పెట్టారు. కిష్టయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, బాలమణి వంక చూసి, "రేప్పొద్దున జల్ది రా," అన్నాడు.

ఆమె వెంటనే కదల్లేదు. చాటలో ఒక ఆకు, చిటికెడు తంబాకు పెట్టి నా ముందుకు జరిపింది.

"సారూ, ఒక్కటి చుట్టుండ్రి."

నేను చుట్టాను. అంటే, ఆకును నేను చుట్టాననుకున్నాను, నిజానికి అదే నా వేలికి చుట్టుకుంది. తంబాకు నా ఒళ్లో పడింది. దారం కడితే ఆకు విచ్చుకుంది. చివరికి అరచేతిలో మిగిలినదాన్ని బీడీ అనడం బీడీకి అవమానం. నలభై మంది ఆడవాళ్లు మెడలు సాచి చూశారు.

బాలమణి దాన్ని రెండు వేళ్లతో తీసుకుని, కిష్టయ్య చూసినట్టే తిప్పి, నొక్కి చూసింది.

"నేను మీ చేతికి కాగితం రాయాలంటె ఏం రాయాలె సారూ?"

"నువ్వే చెప్పు."

"కలం పట్టెతందుకు తప్ప ఇంక దేనికీ పనికిరాదు అని రాస్త. వేలిముద్ర గూడ ఏస్త."

ఆ తీర్పు మీద నేను ఇంతవరకూ అప్పీలు చేయలేదు. ఈ నాలుగు ముక్కలూ ఆ మిగిలిన ఒక్క యోగ్యతతోనే రాస్తున్నాను. కనుక చదువరులు సాక్షిగా, నాకు మిగిలిన ఆయుష్షు మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను: ఏ చేతినైనా కొలిచే ముందు అది పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఏం పని చేస్తుందో ఆ చేతినే అడుగుతాను, ఏ గీత కిందనైనా ఒకరిని నిలబెట్టే ముందు ఆ గీత ఎవరి చేతులతో గీశానో చూసుకుంటాను, చార్టు అందం కోసం మనుషుల్ని ఇరికించను, మనుషుల కోసం చార్టునే వెడల్పు చేస్తాను. ఈ మాట తప్పితే నన్ను లచ్చవ్వ పక్కన కూర్చోబెట్టి, గడియారం పెట్టి, వెయ్యి బీడీలు చుట్టించండి.